గాలిగోపురం దాకా

1988 నవంబరు 16, బుధవారం, సాయంత్రం నాలుగు గంటల ఇరవై నిమిషాలు. చిత్తూరు బస్టాండులో మూడు రోజులుగా విడవని ముసురు. గొడుగు విప్పితే అనవసరమనిపించేంత, విప్పకపోతే చొక్కా తడిసేంత వాన. పింఛను కాగితాల పని చూసుకొని తిరుపతి బస్సు కోసం నిలబడి ఉన్నాను. తిరుపతిలో మా వీధి మొదట బల్ల వేసుకొని పేపర్లు అమ్మే మనిషి, తలమీద తువ్వాలు కప్పుకొని, నా పక్కకు వచ్చి నిలబడ్డాడు.

"సార్, తెలిసిందా మీకు? పాత్రలాయన పోయినాడు."

"ఎప్పుడు?"

"నిన్న తెల్లారుజామున. నిద్దర్లోనే పోయినాడంట. ఎవురికీ పని పెట్టలా."

అతను తువ్వాలు తీసి పిండుకుంటూ, చుట్టూ పదిమంది వింటూ ఉండగా, మామూలుగా అడిగాడు.

"మీరు గూడా ఆయనతో కొండకు పోయినోళ్ళే కదా సార్?"

"ఎప్పుడో. మొక్కు ఉండింది," అన్నాను.

మొక్కు ఉన్న మాట నిజం. దానికోసం పోయానన్నది అబద్ధం. ఏడేళ్ళు గడిచిన తరువాత కూడా, ముక్కూ మొహమూ తెలియని ప్రయాణికుల నడుమ, నా చెవులు వేడెక్కాయి. తిరుపతి మనిషికి కొండకు వెళ్ళానని చెప్పుకోవడంలో సిగ్గు ఏమిటని ఇతరులకు అనిపించవచ్చు. మా వీధిలో మాత్రం, ఫలితాలు వచ్చిన నాడు ఒక తండ్రి ఆయన వెంట కొండకు నడిచాడంటే దానికి అర్థం ఒక్కటే. ఆ ఇంట్లో పిల్లవాడు పదో తరగతి తప్పాడని.

ఆయన పేరు ఇక్కడ రాయను. ఆయన వెంట నడిచిన తండ్రులలో చాలామంది బతికే ఉన్నారు. ఆయన పేరు రాస్తే వాళ్ళ ఇంటి తలుపులు తెరిచి చూపినట్టవుతుంది.

గుడి వీధులలో ఒకటైన మా వీధి మొదట్లో ఆయనది ఇత్తడి, కంచు పాత్రల అంగడి. తండ్రి నాటిది. మనిషి పొట్టి, భారీ శరీరం. మీది వరుసలో ముందుపన్ను ఒకటి లేదు. అందుచేత నవ్వు వచ్చినప్పుడల్లా భుజం మీది తువ్వాలు కొసను నోటికి అడ్డం పెట్టుకొనేవాడు. తువ్వాలు లేని సమయంలో నవ్వు వస్తే చేతిలో ఉన్నది ఏదైనా సరే, చెంబో మూకుడో, మొహానికి అడ్డం వచ్చేది. ఎవరైనా చెంబు బేరమాడితే దానిని ఎడమచేతి వేళ్ళమీద నిలిపి, కుడిచేతి గోటితో ఒక్కసారి కొట్టి, ఆ ధ్వని పూర్తిగా ఆగేదాకా మాట్లాడేవాడు కాదు. కొనేవారు తొందరపెడితే, "అది సెప్పేది ఇననీ అబ్బా ముందు," అనేవాడు.

బడిపిల్లలు అంగడి ముందునుంచి పోతూ ఉంటే పిలిచి ఒకే ప్రశ్న అడిగేవాడు.

"ఏం తింటివిరా పొద్దన?"

మార్కులు అడిగినట్టు నేను వినలేదు. ఒకసారి నా ముందే ఒక వకీలు గుమాస్తా వచ్చి, తన కొడుకుకు లెక్కలలో తొంభై వచ్చాయని చెప్పి, మెప్పుకోసం అక్కడే నిలబడ్డాడు.

"అట్లనా! బో సంతోసం," అన్నాడు ఈయన. "బువ్వ బాగా తింటాడా?"

"తింటాడు, ఏం?"

"ఏం లేదప్పా. తినాల గదా."

గుమాస్తా అయోమయంగా వెళ్ళిపోయాడు. ఈయన మొహానికి పళ్ళెం అడ్డం పెట్టుకున్నాడు. ఆ రోజు నాకు ఆయన మీద చిన్నచూపు కలిగింది. అంకె విలువ తెలియని మనిషి అనుకున్నాను.

పేపర్లు అమ్మే బల్ల ఆయన అంగడికి సరిగ్గా ఎదురుగా ఉండేది. పదో తరగతి ఫలితాలు పేపరులో వచ్చే రోజున ఆయన అంగడి తలుపు సగమే తీసి, గడపమీద నిలబడి, బల్ల వైపు చూస్తూ ఉండేవాడు. ఏ ఇంటికి వెళ్ళాలో ఆయనకు ఎవరూ చెప్పనవసరం లేదు.

"పాసైనోడు పేపరును ఎట్లబడితే అట్ల పారేసి పరిగెత్తతాడు," అని నాకు తరువాత చెప్పాడు. "తప్పినోడు దాన్ని మడతల మీదనే మడిచి, బల్ల మీద పెట్టి, దాని మీద సెయ్యి పెట్టి నిలబడతాడు. సచ్చిపోయినోళ్ళ కండ్లు మూసినట్ల."

పిల్లవాడి దగ్గరికి ఆయన వెళ్ళేవాడు కాదు. తండ్రిని పట్టుకొనేవాడు. "పిల్లోడితో రేపు మాట్లాడొచ్చు. ఈ పొద్దు ఇంట్లో ఉండకూడనోడు నాయన," అనేవాడు. తండ్రిని అలిపిరికి తీసుకుపోయి, అక్కడినుంచి మెట్ల దారిన గాలిగోపురం దాకా ఎక్కించి, దించి, మధ్యాహ్నం దాటాక ఇంటి దగ్గర వదిలిపెట్టేవాడు. ఈలోగా ఆయన భార్య ఇడ్లీల గిన్నెతో ఆ ఇంటికి వెళ్ళి, తల్లి పక్కన కూర్చొని, ఏమీ ఓదార్చకుండా కూరగాయలు తరిగి పెట్టేది.

గాలిగోపురం దాటి పైకి, గుడికి, తీసుకుపోయేవాడు కాదు. ఎందుకని నేనే అడిగాను.

"సామి దగ్గరికి పోతే మీరు కొడుకు మీద సాడీలు సెప్తారు. అందుకే ఈడికే ఆపుతా. దర్శనానికి వాణ్ణి తోడుకొని పోండి, ఇంకో రోజు."

ఎందరు తండ్రులను అట్లా నడిపించాడో విచారించాను. నమ్మదగిన సంఖ్య దొరకలేదు. ఒక దర్జీ గాలిగోపురం నీడలో పడుకొని గంటసేపు గురకపెట్టి నిద్రపోయాడని, ఒక రెవెన్యూ ఉద్యోగి మొదటి మెట్టు మీదనే కూలబడి ఏడ్చాడని విన్నాను. ఇద్దరూ నాకు తెలిసినవారే. వీధిలో ఎదురైనప్పుడు ఒకరి కళ్ళలోకి ఒకరం చూసుకోము.

నా వంతు 1981 జూన్ 3, బుధవారం నాడు వచ్చింది.

నేను చిత్తూరులో ఒక ఆఫీసులో ఆడిటు విభాగంలో పనిచేసేవాణ్ణి. కుటుంబం తిరుపతిలో. శనివారం సాయంత్రం వచ్చి సోమవారం మొదటి బస్సుకు పోయేవాణ్ణి. లెక్కవేస్తే, వారానికి ఒకటిన్నర రోజు తండ్రిని. శనివారం నాడు కాళ్ళు కడుక్కొని లోపలికి రాగానే అబ్బాయిని పిలిచి, "ఈ వారం ఎన్ని?" అని అడిగేవాణ్ణి. ఇంట్లో చుట్టాలున్నా, పక్కింటివారున్నా అడిగేవాణ్ణి. వాడు అంకె చెప్పి తల వంచుకొనేవాడు. తక్కువైతే ఎందుకు తక్కువ అనేవాణ్ణి; ఎక్కువైతే మిగిలినవి ఏమైనాయనేవాణ్ణి. పిల్లవాడి చదువును కనిపెట్టుకొని ఉండడం అంటే ఇదేనని నా నమ్మకం.

ఆ బుధవారానికి ప్రత్యేకంగా సెలవు పెట్టి వచ్చాను. ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలకు పేపర్ల కట్ట విప్పారు. గాలి లేదు, అప్పటికే ఎండ చురుక్కుమంటోంది. మూడు శ్రేణులనూ రెండేసిసార్లు చూశాను. మా వాడి నంబరుకు ముందు నంబరు ఉంది. వెనుక నంబరూ ఉంది. నడుమ వాడిది లేదు. ఇరవై ఎనిమిదేళ్ళు అంకెల మధ్య బతికిన నేను, ఆ రెండు అంకెల మధ్య ఉన్న ఖాళీని వేలితో తడిమి చూశాను.

పేపరును మడతల మీదనే మడిచాను.

"సామీ, నడువు. కొండకు పోయొస్తాం." ఎదుటి గడప దిగి వచ్చి నా మోచెయ్యి పట్టుకున్నాడాయన.

"ఇప్పుడు కాదండీ. నాకు ఇంట్లో పని ఉంది."

"ఆ పనికే వద్దంటా ఉండా."

వీధిలో పెనుగులాట ఎందుకని జట్కా ఎక్కాను. అలిపిరి దగ్గర చెప్పులు విడిచి నడక మొదలుపెట్టాము. కొన్ని మెట్లు ఎక్కాక మాటలు నేనే మొదలుపెట్టాను. ఒకసారి మొదలుపెట్టాక ఆపలేదు. మా వాడికి చదువు వంటబట్టదని, నగరిలో మా చిన్నాన్న కొడుకుకు మరమగ్గాల షెడ్డు ఉందని, మరునాటి బస్సుకే పంపించేస్తానని, అక్కడ దారం అతుకుతూ బతుకుతాడని చెప్పాను.

"సరే సామీ," అన్నాడు.

"మళ్ళీ పరీక్షకు కట్టించేది లేదు. నిర్ణయించుకున్నాను."

"సరే. మెల్లగా నడువు, ఊపిరి అందదు."

కాదనేవాడైతే వాదించేవాణ్ణి. ప్రతిదానికీ సరేననే మనిషితో ఏం చేయాలో తోచలేదు. దేవుడు కూడా మోసం చేశాడన్నాను. వాడు పాసైతే తలనీలాలు ఇస్తానని మొక్కుకున్న సంగతి చెప్పాను.

ఆయన నిలబడిపోయాడు.

"ఎవురి తల?"

"మా వాడిదే."

"పరీక్ష వాడిది. ఎంటికలు వాడివి. మొక్కు మాత్రం నీది," అంటూ తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. "నీదేం పోతాది సామీ దీన్లో?"

"నాకు మొక్కుకోవడానికి ఏముందని?" అన్నాను. నా బట్టతల ఎండలో కాలుతోంది. ఆయన భుజాలు కదిలేటట్టు నవ్వాడు. నాకూ నవ్వు రాబోయింది. రాబోయినందుకు కోపం వచ్చింది. ఆ కోపంలో అన్నాను.

"మీకేమండీ, వ్యాపారస్తులు. మీ ఇళ్ళలో చదువు వస్తే ఎంత, రాకపోతే ఎంత. అంగడి ఉంటుంది. ఈ బాధ మీకు తెలిసేది కాదు."

ఆయన నవ్వడం మానాడు. కోపగించుకోలేదు. "అదీ నిజమే," అని ముందుకు నడిచాడు.

గాలిగోపురం కింద కూర్చున్నాము. ఆయన ఒక ముసలమ్మ దగ్గర మజ్జిగ తీసుకొని ముందు నాకు ఇచ్చాడు. సగం తాగానో లేదో, కిందినుంచి ఒక బక్కపలుచటి యువకుడు రొప్పుతూ ఎక్కి వచ్చాడు. చేతిలో మిఠాయి పొట్లం, చొక్కా వంటికి అంటుకొని ఉంది. ఆయన భార్యకు తమ్ముడు.

"బావా! ఈడుండావా నువ్వు! ఊరంతా ఎతికినాను గదా. అంగడి సగం మూసినావు, ఇంట్లో అక్క లేదు, నువ్వు లేవు. పాప ఒక్కతే కూచోనుండాది."

"కూచోనీలేరా. అరవద్దు."

"అరవకుండా ఎట్ల? పాప ఫస్టు క్లాసు బావా! పదో తరగతిలో ఫస్టు క్లాసు! బడిలో అందురికంటే మొదుట ఉండాదంట. టీచరమ్మే ఇంటికొచ్చి సెప్పి పోయింది. నోరు తీపి చేస్సేదానికి ఇంట్లో పెద్దోళ్ళు ఒక్కురు లేరు."

నా చేతిలో మజ్జిగ గ్లాసు ఉంది. దానిని ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

ఆయన బావమరిది వైపు గుర్రుగా చూసి, తరువాత నా వైపు చూడకుండా, మెల్లగా అన్నాడు.

"నాకు తెలుసులేరా. పొద్దున్నే సూసినా. అది రేపు గూడా ఫస్టు క్లాసే. ఈయన మాత్రం ఈ పొద్దే."

ఆయనకు కూతురు ఉందని తెలుసు. పరికిణీ కట్టుకొని అంగడిలో పాత్రలు తుడుస్తూ ఉండగా ఎన్నోసార్లు చూశాను. ఏ తరగతి చదువుతోందో ఏనాడూ అడగలేదు. వ్యాపారస్తుల పిల్ల అనుకున్నాను, అంతే. ఆ ఉదయం నాకంటే ముందే ఆయన పేపరు చూసి ఉంటాడు. ఎట్లబడితే అట్ల పారేసి ఇంటికి పరిగెత్తవలసిన మనిషి గడప మీద నిలబడి నా చేతులవైపు చూస్తూ ఉన్నాడు. దారి పొడవునా నేను చెప్పినదంతా విన్నాడు. ఆఖరికి నేను అన్న మాట కూడా విని, అదీ నిజమే అన్నాడు.

బావమరిది పొట్లం విప్పి నాకూ ఒక ముక్క ఇచ్చాడు. తిన్నాను. అంత సిగ్గుతో నేను తిన్న తీపి ఇంకొకటి లేదు.

దిగేటప్పుడు, "మీరు ఇంటికి వెళ్ళవలసింది," అన్నాను.

"పోతా ఉండాం గదా. నగరి బస్సు యాడికీ పోదు సామీ, దినామూ ఉంటాది. శనివారం నేనొచ్చేదాకా పిల్లోణ్ణి ఆపు. అంతే నేనడిగేది."

ఇంటికి చేరేసరికి నా పిక్కలు వణుకుతున్నాయి. అబ్బాయి స్తంభానికి ఆనుకొని కూర్చున్నాడు. ఉదయం నుంచి దాచి ఉంచుకొన్న మాటలన్నీ కొండదారిలో అయిపోయాయి. గుమ్మంలో కూలబడ్డాను. వాడు లేచి, లోపలికి పోయి, వేడినీళ్ళ చెంబు తెచ్చి, నాకు చెయ్యి అందేంత దూరంలో పెట్టి, తాను మాత్రం అందనంత దూరంలో నిలబడ్డాడు. ఆ దూరాన్ని వాడు కొలవకుండానే సరిగ్గా కొలిచాడు.

ఆ శనివారం సాయంత్రం ఆయన మా ఇంటికి వచ్చాడు. తామరాకులో మల్లెమొగ్గలు, నీళ్ళలో తడిపిన అరటినార తెచ్చి నా ముందు పెట్టాడు.

"ఏమిటివి?"

"పూలు. కట్టు."

నా భార్య వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. అబ్బాయి పుస్తకం ముందు పెట్టుకొని చూస్తున్నాడు.

"నాకు రాదండీ. ఆడవాళ్ళ పని."

"రాదు గాబట్టే. నీకు వచ్చేది ఇస్తే ఏం లాభం? ఇంక అక్టోబరు పరీక్షల దాకా ప్రతి శనివారం వాడు లెక్కలు చేస్సేటప్పుడు నువ్వు పక్కన కూచోని ఇవి కట్టాల. నువ్వు వాణ్ణి మార్కులు అడిగేది లేదు. వాడే నిన్ను అడగతాడు." అబ్బాయివైపు తిరిగాడు. "ఏమని అడగతావురా?"

వాడు బిక్కమొహం వేశాడు.

"ఈ వారం ఎంత కట్టినావు నాయనా, అని. అడుగు."

"ఎంత... కట్టినావు నాయనా?"

"గట్టిగా! పక్కింటోళ్ళు ఇనాల. మీ నాయన అడిగేది మా అంగడి దాకా ఇనపడతా ఉండె."

నా భార్య కొంగు నోట్లో కుక్కుకొని వంటింట్లోకి పోయింది. ఆమె అంతగా నవ్వడం ఎన్నేళ్ళ తరువాతో చెప్పగలిగిన లెక్క నా దగ్గర లేదు. అప్పుడే నాకు తెలిసింది, శనివారాలలో నా గొంతు వీధిలోకి ఎంత దూరం పోతూ ఉండేదో. చుట్టుపక్కల అందరూ విన్నారు. నేనొక్కడినే వినలేదు.

మొదటి శనివారం నాలుగు పూలు నిలిచాయి. రెండు పూలు ఇటు, రెండు పూలు అటు, కాడలు ఎదురెదురుగా పెట్టి, నారను మెలివేసి లాగాలి. చూడడానికి ఇంతే. గట్టిగా లాగితే కాడలు తెగేవి, మెల్లగా లాగితే పూలు జారి ఒడిలో పడేవి. వేళ్ళు అడ్డం వచ్చేవి. చదువుకున్నవాణ్ణి, పదిమంది చేసిన కూడికలలో తప్పులు పట్టేవాణ్ణి, నార ముక్కతో చెమటలు పట్టాయి.

"ఎంత కట్టినావు నాయనా?" అన్నాడు వాడు, గొంతు తగ్గించి.

"చూస్తున్నావు కదా," అన్నాను. నా గొంతులో వినిపించిన విసుగు వాడిది. ప్రతి శనివారం వాడి గొంతులో నేను విన్నది అదే.

మూడో శనివారమో నాలుగోదో, వాడు పుస్తకం పక్కన పెట్టి నా పక్కకు జరిగాడు.

"నాయనా, నార అట్ల పట్టుకోకూడదు. బొటనవేలితో కాడలు అదిమి పట్టుకో. ఊఁ. ఇప్పుడు మెలెయ్యి. ... జారింది. పర్వాలేదు, ఇంకోసారి."

జారింది. ఇంకోసారి అన్నాడు. మళ్ళీ జారింది. మళ్ళీ ఇంకోసారి అన్నాడు. ఏడెనిమిదిసార్లు. వాడి గొంతు ఒక్కసారి కూడా పెరగలేదు. తల్లి దగ్గర నేర్చుకున్న పని అది. ఆ ఓపిక కూడా తల్లి దగ్గర నేర్చుకున్నదే అయి ఉండాలి, నా దగ్గర కాదు. ఎనిమిదోసారి ముడి నిలిచింది.

"వచ్చింది చూడు," అన్నాడు. నవ్వాడు. నేను తల ఎత్తలేదు. ఆ ముడి మీద చూపు పెట్టుకొనే, అడగాలని అనుకోకుండానే, అడిగాను.

"నీకు ఎక్కడ జారిందిరా?"

వాడికి అర్థమైంది. నార పీచులు తీస్తూ చెప్పాడు.

"ఎనిమిదో తరగతిలో. మైనసులు వచ్చినప్పుడు. మైనసులో నుంచి మైనసు తీసేస్తే ప్లస్సు ఎట్లయితాదో నాకు అర్థం కాలేదు నాయనా. అప్పట్నుంచి ఏదీ అర్థం కాలేదు."

"అయివారిని అడగలేకపోయావా?"

"అడిగినాను. 'మీ నాయన లెక్కలాయన కదరా, నీకు రాకపోవడమేంది' అని అందురూ నవ్వినారు."

"మరి నన్ను?"

వాడు నా వైపు చూడలేదు.

"నువ్వు లెక్కలాయనవు కదా నాయనా. నీకు చెప్పుకునేదానికే ఎక్కువ సిగ్గు."

ఎనిమిది, తొమ్మిది, పది. మూడు విద్యా సంవత్సరాలు. ప్రతి శనివారం వాడి అంకెలను నేను సేకరించాను. వాటి వెనుక ఒకే ఒక్క గుర్తు దగ్గర ఒక పిల్లవాడు నిలబడిపోయి ఉన్నాడని, నాకు చెప్పుకోవడానికి వాడికి ఊళ్ళో అందరికంటే నేనే కష్టమైన మనిషినని, ఏ అంకె నుంచీ తెలుసుకోలేకపోయాను. అంకెల వెనుక ఏముందో కనిపెట్టడానికే ఆఫీసులో నాకు జీతం ఇచ్చేవారు.

ఆ రోజు పూలు పక్కన పెట్టాము. గోడ మీద బొగ్గుతో గీత గీసి, సున్న పెట్టి, ఎడమకు అప్పు, కుడికి నిలువ అని చెప్పాను. వాడికి అర్థం కాలేదు. ఇంకోసారి అన్నాను. అనేముందు మనసులో వాడి గొంతును గుర్తుచేసుకోవలసి వచ్చింది.

అబ్బాయి నగరి బస్సు ఎక్కలేదు. శనివారాలు గడిచాయి. మల్లెలు పోయి కనకాంబరాలు వచ్చాయి. అవి ఇంకా కష్టం, కాడలు మరీ సన్నం. పాత్రలాయన అప్పుడప్పుడూ వచ్చి, గుమ్మంలోనే నిలబడి, నేను కట్టిన దండను గాలిలో ఆడించి చూసేవాడు. రాలిన పూలను చూసి, "ఈ వారం బో రాలినాయే! సదివినావా అసలు?" అనేవాడు. అబ్బాయి పుస్తకంలో తలపెట్టి నవ్వేవాడు. పరీక్ష గురించి ఆయన వాడితో నేను ఉండగా ఒక్క మాట కూడా అనలేదు. ఏం తిన్నావురా అని మాత్రం అడిగేవాడు.

అక్టోబరులో పరీక్ష రాశాడు. డిసెంబరు మొదటి శనివారానికి సెలవు పెట్టి వచ్చాను; ఆ ఉదయం, చలిగాలిలో, పేపర్ల బల్ల దగ్గరికి ఇద్దరమూ కలిసి వెళ్ళాము. తృతీయ శ్రేణిలో వాడి నంబరు ఉంది. పేపరును వాడు మడవలేదు. నేనూ మడవలేదు.

ఎదుటి అంగడిలోకి వెళ్ళాము. ఆయన ఒక పెళ్ళివారి బిందెమీద చుక్కలు కొడుతూ పేరు చెక్కుతున్నాడు. నేను చెప్పబోయాను. ఆయన సుత్తితోనే ఆగమన్నట్టు సైగ చేసి, అబ్బాయి వైపు తిరిగాడు.

"మీ నాయన సంగతి సెప్పురా ముందు. ఆఖరుకు ఎంత కట్టినాడు?"

అంగడిలో నలుగురైదుగురు ఉన్నారు. పెళ్ళివారి ఆడవాళ్ళు ముగ్గురు, బేరానికి వచ్చిన ఒక పెద్దమనిషి. అందరూ నా వైపు చూశారు. పరీక్షకు ముందటి శనివారం నేను కట్టింది ఎంతో నాకు తెలుసు. వాడికీ తెలుసు. ఆ సాయంత్రం మూర కట్టేసరికి నా వేళ్ళు మొద్దుబారిపోయాయి. ఎవరో పిలిస్తే వీధిలోకి వెళ్ళి వచ్చాను. తిరిగి వచ్చేసరికి దండ పెరిగి ఉంది. నేను కట్టినచోట పూలు ఎడం ఎడంగా, వంకరగా ఉన్నాయి. తరువాతి భాగంలో పక్కపక్కన, ఒత్తుగా, ఒకే తీరున ఉన్నాయి. వాడు పుస్తకంలో తలపెట్టుకొని ఉన్నాడు. నేను ఏమీ అనలేదు.

నేను నోరు తెరవకముందే వాడు జవాబు చెప్పాడు.

"మూరన్నర మామా."

తడబడకుండా, గట్టిగా, అంగడిలో అందరికీ వినిపించేటట్టు చెప్పాడు.

"మూరన్నరా! ఆడిటు సారు పాసబ్బా!" అని పాత్రలాయన బిందెను మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. పెళ్ళివారి ఆడవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వినట్టు మొహం పెట్టాను. అబ్బాయి నా వైపు చూడలేదు. చూస్తే నేను సిగ్గుపడతానని వాడికి తెలుసు. నలుగురి ముందు వాడి అంకెను ఎన్నో శనివారాలు నేను బయటపెట్టాను; నలుగురి ముందు నా అంకెను వాడు ఒక్క మాటతో కప్పిపెట్టాడు.

ఆయన ఆ లెక్కను నమ్మాడో లేదో నాకు తెలియదు. చెంబు గోటితో కొట్టి మంచిచెడ్డలు చెప్పగల మనిషి; నమ్మి ఉండడు. ఏడేళ్ళలో ఒకసారైనా నేను ఆయన దగ్గర సరిచేసి ఉండవలసింది. ఇప్పుడు ఇక్కడ సరిచేస్తున్నాను.

లెక్కల పరీక్షలో మా అబ్బాయికి వచ్చినవి నలభై ఒక్క మార్కులు. పూలలో నేను కట్టినది ఒక మూర. తక్కిన అరమూర వాడిది.